జీనియా మడి, కాళ్ళు కడిగిన నీళ్ళు

ఆ ఏడాది ఉరుసు ఇంకా మూడు నెలలుందనగా నాకొక బాధ పట్టుకుంది. పీరు సమాధి మీద పరిచే పూలు మనుషులు కాళ్ళు కడుక్కున్న నీళ్ళతో పెరుగుతున్నాయి. ఆ సంగతి మనసులో పడిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. పూటకు మూడు రొట్టెలు మాత్రమే తిన్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. పేరు దాదాపీరు. మా తాతలు దూది ఏకినవాళ్ళు, నేను కొండల్ని ఏకగలిగినవాణ్ణి. దర్గా వాకిట్లో ఉన్న నాపరాయి బండను ఆరుగురు పట్టి కదిలించలేకపోతే, నేనొక్కణ్ణే ఎత్తి భుజాన పెట్టుకొని, ఎటువైపు దించమంటారని అడిగాను. పెద్దలు ఆ మాట తేల్చుకునేసరికి మధ్యాహ్నమైంది. అంతసేపూ నిలబడే ఉన్నాను. చూసినవాళ్ళు ఇప్పుడెవరూ బతికి లేరు. అది నా తప్పు కాదు.

మా గురువు బుడన్ సాహెబు. ఊరంతా ఆయన్ను తాత అనేది, నేనూ అంతే. ఎనభై ఏళ్ళ మనిషి, ఎండిన కందికట్టె మాదిరి ఉండేవారు. ఆయన వారం రోజుల్లో మాట్లాడే మాటల్ని నేను ఒక తుమ్ముకూ ఇంకో తుమ్ముకూ మధ్య మాట్లాడేసేవాణ్ణి. పదేళ్ళ వయసు నుంచి ఆయన దగ్గరే పెరిగాను.

దర్గా ఉన్నది నాపరాళ్ళ గనుల పక్కన. మా ఎండ సంగతి మీకు తెలియదు. ఎగిరే కాకి మధ్యలో ఆగి, తన నీడ మీదనే వాలి, కాసేపు అలుపు తీర్చుకొని పోవడం నేను కళ్ళారా చూశాను. అటువంటి చోట తాత గులాబి నాటితే ముల్లు మిగిలింది. మల్లె నాటితే పందిరి మిగిలింది. ఏనాడో రాళ్ళ కోసం వచ్చిన లారీ డ్రైవరొకాయన, రుమాలు కొసన ముడివేసుకున్న గుప్పెడు విత్తనాలు తాత చేతిలో పెట్టి పోయాడు. అవి జీనియాలు. ఎండ ఎంత కాస్తే అంత పొగరుగా పూసేవి. ఎరుపు, నారింజ, రాణి రంగు. రెక్క వాడేది కాదు, రంగు వెలిసేది కాదు.

అప్పటినుంచి ఉరుసుకు సమాధి మీద పరిచే పూల చాదరు ఆ జీనియాలతోనే. బయటి పూవు ఒక్కటి కలపరు. ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది. మొక్కల్ని ఎవరు పెంచారో వాళ్ళే పూలగంప నెత్తిన పెట్టుకొని సమాధి గడప దాకా మోయాలి. ఊరంతా రెండు పక్కలా నిలబడి చూస్తుంది. ఆ ఏడాది మడి తాత నాకు అప్పగించారు. నేను అదే సాయంత్రం పాత పంచె చించి, గంప కింద పెట్టుకునే చుట్టకుదురు చుట్టి సిద్ధంగా పెట్టుకున్నాను.

నీళ్ళ దగ్గరే నాకు మనసొప్పలేదు.

మా దర్గాకు ఎవరొచ్చినా ఒక చెంబు నీళ్ళతో రావాలి. గని గుంతల్లో వానాకాలం నిలిచిన నీళ్ళే. వాకిట్లో ఆ నాపరాయి బండ మీద నిలబడి, నమాజు చేసేవాళ్ళు వజూ చేసుకుంటారు, దండం పెట్టుకొని పోయేవాళ్ళు కాళ్ళూ మొహం కడుక్కుంటారు. ఆ నీళ్ళు బండ వాలుకు జారి, బెత్తెడు కాలువలో పడి, జీనియా మొక్కల మొదళ్ళకు పోతాయి. వేరుగా నీళ్ళు పోసే పనే లేదు.

పొద్దుగూకే వేళకు గని పనివాళ్ళు వచ్చేవాళ్ళు. ముందు ఓబులమ్మ నడిచేది. యాభై ఏళ్ళ మనిషి, పెద్ద గొంతు, ముఠా అంతా ఆమె మాట మీద ఉండేది. నెత్తి నుంచి కాలి గోళ్ళ దాకా తెల్లటి రాతిపొడి. ఆమె కాలు బండ మీద పెట్టి చెంబు వంచితే నీళ్ళు పాల మాదిరి తెల్లగా పారి, నేరుగా నా మడిలోకి పోయేవి.

ఒక సాయంత్రం ఇక ఓర్చుకోలేక అడిగాను.

"తాతా, పీరు మీద వేసే పూలకు ఓబులమ్మ కాళ్ళ మురికా?"

తాత తస్బీ తిప్పుతున్నారు. పూసలు ఆగలేదు. "అయితే ఏం జేస్తావు?"

"మామిడితోపు దిగుడుబావి నుంచి మంచినీళ్ళు మోస్తా. అద్దం మాదిరి ఉంటాయి."

"ఆ బావి మూడు మైళ్ళు."

"ముప్పై అయినా మోస్తా."

"మొయ్యి."

ఇంకేమైనా అంటారేమోనని నిలబడ్డాను. అనలేదు. అది మెచ్చుకోలు అనుకున్నాను.

మరునాడే కాలువ నోటికి ఒక రాయి అడ్డంపెట్టి, మట్టి మెత్తి మూసేశాను. గని పనివాళ్ళు రాగానే వాకిట్లోనే ఆపాను. ఇకమీదట కాళ్ళు కడుక్కునేది తూర్పు గోడ వెనక, పగిలిన బండలు పారేసే చోట అని చెప్పాను.

ఓబులమ్మ చెంబు చంకన పెట్టుకొని నా వైపు చూసింది. "ఏమప్పా, మా కాళ్ళేం జేసినాయి?"

"పీరుకు పోయే పూలక్కా."

ఆమె తన కాళ్ళ వైపు చూసుకుంది. "ఈ కాళ్ళతోనే గదా పీరు దగ్గరికి వచ్చేది."

కావడి ఎత్తుకోవాల్సిన పొద్దయిందని అటు తిరిగాను.

వాళ్ళు గోడ వెనక్కి పోయారు. వెనకాలే తాత లేచారు. తన చెంబు, తన చిన్న పీట తీసుకొని వాకిలి దాటారు.

"తాతా, మీకు లోపల బండ ఉండాది గదా."

"ఒక్కడి కాళ్ళకు బండ ఎందుకు, నాయనా."

నడుస్తూనే జేబులోంచి ఏదో ఎండినది తీసి అరచేతిలో నలుపుకుంటున్నారు. ముసలాయన నశ్యం మొదలుపెట్టాడనుకున్నాను.

ఇక నా మోత. తెల్లవారుతుండగా పది కావళ్ళు, సాయంత్రం పది. నా అడుగులకు ఆ దారి రాళ్ళు నునుపు తేలి, బండ్ల ఎద్దులు జారి పడేవి. దిగుడుబావి నన్ను దూరం నుంచి చూసి ఒక మెట్టు కిందికి తగ్గేది. మొదటి వారం బావి నాలుగు మైళ్ళని చెప్పుకున్నాను. నెల తిరిగేసరికి ఐదు అయింది.

ఓబులమ్మ అడిగింది. "ఆ బావి నడుస్తాందా ఏమి, దాదాపీరూ? వారం వారం దూరం పోతాందే."

తెచ్చిన నీళ్ళు మొదట్లో పోయడం నాకు నచ్చలేదు. పసిబిడ్డకు తలంటు పోసినట్టు ప్రతి మొక్కకూ నెత్తి మీద నుంచి పోశాను. ఎండకు నా పూల ఒళ్ళు కందిపోతుందని ఈత మట్టలతో పందిరి వేశాను. ఊళ్ళో పిల్లకాయలకు కూడా అంత నీడ లేదు. పందిరి కింద దూరితే ఒళ్ళు జలదరించేది. మడి చుట్టూ మట్టి ఎప్పుడూ తడిగా, నల్లగా ఉండేది.

మొక్కలు లేచాయి. మోకాలి ఎత్తు పెరగాల్సినవి నా నడుము దాటాయి, ఆ తర్వాత ఛాతీ దాటాయి. ఒక్కొక్క ఆకు కింద ఒక సంసారం వండుకొని తినవచ్చు. పూలు మాత్రం అక్కడొకటి, ఇక్కడొకటి. మొక్క బలం కూడగట్టుకుంటాంది, ఉరుసు వారంలో ఒకేసారి విరగబూస్తుందని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాను.

ఒకనాడు తాతను చెయ్యి పట్టుకొని మడికి తీసుకొచ్చాను. ఆయన పందిరి కింద వంగి, మట్టిలో వేలు గుచ్చారు. వేలు రెండు కణుపుల దాకా బురదతో బయటికొచ్చింది. పంచెకు తుడుచుకున్నారు.

"చల్లగా ఉండాది" అన్నారు. అంతే, వెళ్ళిపోయారు.

ఆ మాటను కూడా నేను మెచ్చుకోళ్ళ లెక్కలోనే వేసుకున్నాను.

ఆ గురువారం దీపాల వేళ దర్గా నిండా జనం. నన్ను ఎవరూ అడగలేదు, నేనే లేచి నిలబడ్డాను. "ఈసారి సమాధి ఒక్కటే గాదు, గడప నుంచి గుమ్మటం దాకా పూలతో కప్పుతా. తక్కువైతే నన్నే పరచండి."

"నిన్ను పరచాలంటే ఆ సమాధి చాలదులేప్పా" అంది ఓబులమ్మ. అందరూ నవ్వారు. తాత ఒక్కరే నవ్వలేదు. వేళ్ళ మధ్య తస్బీ ఆగింది, మళ్ళీ తిరిగింది.

ఉరుసు పన్నెండు రోజులుందనగా, ఒక పొద్దున కింది ఆకుల మీద తెలుపు కనిపించింది. ముగ్గు చిటికెడు తీసి చల్లినట్టుంది. మధ్యాహ్నానికి ఇంకో నాలుగు మొక్కల మీద. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అనుమానమే లేదు. సాయంత్రం ఓబులమ్మ సాంబ్రాణి వెలిగించడానికి లోపలికి రాగానే పట్టుకున్నాను.

"చూడక్కా మీ పొడి. గోడ అవతల నిలబెట్టినా దాటి వచ్చింది."

ఆమె పందిరి కింద వంగింది. ఒక ఆకు రెండు వేళ్ళ మధ్య పట్టుకొని బొటనవేలితో రుద్దింది. వాసన చూసింది. ముప్పై ఏళ్ళు రాతిపొడిలో బతికిన వేళ్ళు అవి.

"మా పొడి గాదు ఇది" అంది. "మా పొడి కడిగితే పోతాది. ఈ బూజు పోదు."

"కడిగితే ఎందుకు పోదు? నేను పోగొడతా చూడు."

నాలుగు రోజులు కడిగాను. ప్రతి ఆకునూ అటూ ఇటూ తిప్పి, అరచేతుల్లో పట్టుకొని, దిగుడుబావి నీళ్ళతో కడిగాను. కడిగిన ఆకు సాయంత్రానికి తేటగా ఉండేది, తెల్లారేసరికి పక్క ఆకును కూడా కలుపుకొని తెల్లబడేది. ఇంకా నీళ్ళు తెచ్చాను. ఇంకా కడిగాను. కింది ఆకులు గోధుమరంగు తిరిగి ముడుచుకున్నాయి. కాడలు మెత్తబడ్డాయి. ఉన్న కాసిని మొగ్గలు విచ్చకుండానే తల వాల్చాయి.

ఎనిమిదో రోజుకు మడంతా తెల్లగా ఉంది. పొద్దుగూకే వేళ గని నుంచి వచ్చే మనుషుల మాదిరి, వరసగా నిలబడి ఉంది.

నేను పందిరి కింద కూర్చుండిపోయాను. పూలు లేకపోతే చాదరు లేదు. చాదరు లేని ఉరుసు తాత జీవితంలో ఎరుగరు. ఊరంతటి ముందు మాటిచ్చింది నేను. పట్నం పోయి నాలుగు గంపల బంతిపూలు కొనుక్కొచ్చి, రెక్కలు తుంచి పరిస్తే ఎవరికి తెలుస్తుందనుకున్నాను. రోడ్డు దాకా వెళ్ళాను. బస్సు వచ్చి ఆగింది కూడా. కండక్టరు ఎక్కుతావా లేదా అని రెండుసార్లు అడిగాడు. ఎక్కలేకపోయాను. బయటి పూవు ఒక్కటి ఆ సమాధి మీద పడినా తాత పట్టుకుంటారని కాదు. తాత ఏమీ అనరు. ఆ అనకపోవడాన్ని నేను మోయలేను.

ఉరుసులో పూల చాదరు పరిచే గంధం రోజు ఇంకా రెండు రోజులుందనగా, సాయంత్రం, కావడి గోడకు ఆనించి తాత దగ్గరికి పోయాను. ఆయన అరుగు మీద కూర్చొని ఉన్నారు.

"తాతా."

"చెప్పు."

"పూలు లేవు."

రెండు మాటల్లో నేను ఒక సంగతి ముగించింది నా జన్మలో అదొక్కసారే.

తాత నా మొహం కేసి చూడలేదు. పక్కనున్న చెంబు అందుకున్నారు. నిండుగా ఉంది. "రా" అన్నారు.

వాకిలి దాటి తూర్పు గోడ వెనక్కి తిరిగారు. ఈ మూడు నెలల్లో నేను ఆ పక్కకు పోలేదు. నా బావి దారి పడమటి వైపు. పైగా, వద్దని పంపించిన చోటికి ఎవరు పోతారు.

పగిలిన నాపరాళ్ళు కుప్పలుగా పడి ఉన్నాయి. ఆ రాళ్ళ సందుల్లో, నెర్రెల్లో, గోడ నీడ కూడా అందని చోట, జీనియాలు పూసి ఉన్నాయి. మోకాలి ఎత్తు కూడా లేవు. కాడలు బిరుసుగా, ఆకులు గరుకుగా ఉన్నాయి. ఒక్కొక్క కాడ మీద ఒక్కొక్క పూవు, ఎరుపు, నారింజ, రాణి రంగు, పడమటి ఎండలో తలెత్తుకొని. ప్రతి మొక్క మొదట్లోనూ తెల్లటి నీటి చార ఎండి ఉంది. కొన్ని చోట్ల ఇంకా తడిగా ఉంది.

ఆ మొదటి సాయంత్రం తాత అరచేతిలో నలుపుకుంటూ పోయింది నశ్యం కాదు. పోయినేటి ఎండు పూలు, లోపల విత్తనాలతో.

గని పనివాళ్ళు అప్పుడే కాళ్ళు కడుక్కొని, రాళ్ళ మీద కూర్చొని చీర కొంగులు, తువ్వాళ్ళు పిండుకుంటున్నారు. ఓబులమ్మ నన్ను చూసింది. ఏదో ఒక మాట అంటుందని తల వంచుకున్నాను. అంటే బాగుండేది. ఆమె కాస్త పక్కకు జరిగింది.

"ఇట్ల రాప్పా. రాళ్ళు వాడిగా ఉండాయి, చూసి."

తాత వంగి వంగి మొక్కల మొదళ్ళు తడుముతూ పోయారు. చివరి మూలలో ఆగారు. అక్కడ నాలుగు మొక్కలు, వాటి నిండా మొగ్గలు, మెడలు కొంచెం వంగి ఉన్నాయి. మట్టి పొడిగా ఉంది.

"ఈ మూలకు నీళ్ళు రాలేదు" అన్నారు.

"ఈ పొద్దు మనుషులు తక్కువ తాతా" అంది ఓబులమ్మ. "అందరివీ అయిపోయినాయి. ఇంక రేపే."

"ఇవి ఎల్లుండికి విచ్చుకోవాల."

ఆయన చుట్టూ చూశారు. తడి కాళ్ళన్నీ దాటుకొని వచ్చి ఆయన చూపు నా కాళ్ళ మీద ఆగింది.

"నీవి ఉండాయి గదా."

చేతిలో నిండు చెంబు ఉంది, నేరుగా మొక్కల్లో వంచితే సరిపోతుంది. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

నా కాళ్ళు చూసుకున్నాను. మూడు నెలల బావి దారి వాటి మీద ఉంది. మడమలు పగిలి, ఆ పగుళ్ళలో ఎర్రమట్టి నిండి, గోళ్ళ కింద బురద ఎండి ఉంది. ఆ బావి నీళ్ళతో ప్రతి ఆకూ కడిగినవాణ్ణి, వీటిని కడగలేదు.

చెంబు కోసం చెయ్యి చాచాను. తాత ఇవ్వలేదు. ఒక చెయ్యి రాయి మీద ఆనించి, మెల్లగా, ఒక మోకాలు తర్వాత ఒక మోకాలు కింద పెట్టి కూర్చున్నారు. నా కుడికాలు పట్టుకొని ఆ మూల మొక్కల పైవైపున్న బండ మీద పెట్టారు.

"తాతా, మీరు నా కాళ్ళు..." అంటూ వెనక్కి లాక్కోబోయాను.

ఆయన మడమ వదల్లేదు.

"కదలొద్దు, నాయనా. నీళ్ళు పక్కకు పోతాయి."

కదల్లేదు. ఆయన బొటనవేలు నా మడమ పగుళ్ళ వెంట నడిచింది. నీళ్ళు ఎర్రగా జారి, బండ అంచు దిగి, ఆ నాలుగు మొక్కల మొదళ్ళలోకి పోయాయి. కుడికాలు అయ్యాక ఎడమకాలు. చెంబు ఖాళీ అయిందాకా కడిగారు.

మూడోనాడు గంధం. పూలగంప ఓబులమ్మ నెత్తిన ఉంది. ఊరు రెండు పక్కలా నిలబడి చూసింది. గంప కింద ఉన్న చుట్టకుదురు నేను చుట్టిందే. పొద్దున్నే తీసుకుపోయి ఆమె చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "గట్టిగానే చుట్టినావు" అంది.

పూలు గుమ్మటం దాకా రాలేదు. తల వైపు నుంచి పరుచుకుంటూ వస్తే సమాధి మోకాళ్ళ దాకా వచ్చి అయిపోయాయి. అప్పుడు తాత తన తువ్వాలు విప్పారు. ఆ మూల మొక్కల పూలు వేరుగా కోసి పెట్టుకున్నారు. అవి నా దోసిట్లో పోసి, పాదాల వైపు చూపించారు.

పదకొండు పూలు.

ఈ సంగతి నేను చాలా ఊళ్ళలో చెప్పాను. బావిని ఏడు మైళ్ళ దూరం జరిపాను. కావళ్ళను నూరు చేశాను. భుజాన బండ పెట్టుకొని నిలబడింది మధ్యాహ్నం దాకానో, మరునాటి దాకానో నాకే గుర్తు లేదు. పూలు మాత్రం ఎక్కడ చెప్పినా పదకొండే.